అరువు పెట్టెల నుంచి సొంత దారికి: బేస్ గిటార్ పెడల్‌బోర్డు చరిత్ర

రాక్, ఫంక్ బ్యాండుల్లో బేస్ గిటార్ వాయించేవాళ్ల కాళ్ల ముందు కొన్ని దశాబ్దాలుగా ఒక పలక కనిపిస్తూ వచ్చింది. దాని మీద నాలుగైదు మొదలుకొని పదిపన్నెండు దాకా చిన్న లోహపు పెట్టెలు, వాటిని ఒకదానికొకటి కలిపే పొట్టి కేబుళ్లు, అన్నిటికీ కరెంటు అందించే సరఫరా పెట్టె ఉంటాయి. ఒక పెట్టె స్వరాన్ని గరగరలాడిస్తుంది, ఒకటి కింది స్థాయి స్వరాన్ని జోడిస్తుంది, ఇంకొకటి మోత హెచ్చుతగ్గులను సర్దుతుంది. ఇదే పెడల్‌బోర్డు. గత పదేళ్లలో ఈ పలకను పక్కన పెట్టి, దాని చోట ఒకే ఒక్క డిజిటల్ మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ పెట్టుకుంటున్న బేసిస్టులు బాగా పెరిగారు. వాద్య సంప్రదాయం తెగిపోతోందని దీన్ని చూసి బాధపడేవాళ్లూ ఉన్నారు. ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు గానీ, చరిత్ర వైపు నుంచి చూస్తే అందులో పొరపాటు కనిపిస్తుంది. పెడల్‌బోర్డు చాలామటుకు గిటారిస్టు దగ్గర బేసిస్టు తెచ్చుకున్న అరువు. మంద్రస్థాయిలోని మూలస్వరం చెడకుండా దాని రంగు మార్చే దారి కోసం బేసిస్టులు అరవై ఏళ్లుగా వెతుకుతున్నారు. ఆ వెతుకులాట చివరికి డిజిటల్ యూనిట్ దగ్గరికి చేరిందని నా వాదన.

ఇళయరాజా పాటల్లో బేస్ వరసలు విని పెరిగిన తెలుగు శ్రోతకు ఈ వాద్యం చేసే పని ఏమిటో చెప్పనక్కర్లేదు. తాళాన్నీ రాగాన్నీ కింద నుంచి కలిపి పట్టుకునేది అదే. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్లోకి తెచ్చేదాకా ఆ పని నిలువెత్తు డబుల్ బేస్‌ది. డ్రమ్ములు, బాకాల మధ్య డబుల్ బేస్ వినిపించేది కాదు, మోసుకెళ్లడం కూడా కష్టమే. కొత్త వాద్యం ఆ రెండు ఇబ్బందులనూ తీర్చింది గానీ మోత భారాన్ని యాంప్ మీదికి నెట్టింది. 1960లో యాంపెగ్ కంపెనీ తెచ్చిన బీ-15 యాంప్ స్టూడియోలకు సరిపోయింది. పెద్ద మైదానాల కోసం అదే కంపెనీ 1969లో 300 వాట్ల ఎస్‌వీటీని తయారు చేసింది, ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా పర్యటనలో అది మోగింది. దాని తల భాగమే సుమారు 40 కిలోలు, ఎనిమిది స్పీకర్ల పెట్టె అంతకంటే బరువు. తొలి పదేళ్లూ బేస్ ధ్వని అంటే వేళ్లు, తీగలు, యాంప్, అంతే. కాళ్ల దగ్గర ఏ పెట్టే లేదు.

ఆ పెట్టె పుట్టిన తీరు మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. నాష్‌విల్‌లోని బ్రాడ్లీ స్టూడియోలో మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' రికార్డింగ్ జరుగుతుండగా, ధ్వనులను కలిపే కన్సోల్‌లో ఒక చానెల్ చెడిపోయి అందులోంచి వచ్చే వాద్యం గరగరమని పలికింది. ఆ వాద్యాన్ని వాయిస్తున్నది గ్రేడీ మార్టిన్, ఆ చేతుల్లో ఉన్నది ఆరు తీగల బేస్. చెడిన ధ్వనిని తీసెయ్యకుండా అలాగే ఉంచారు, 1961లో పాట పెద్ద హిట్టయింది. స్టూడియో ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్ని ట్రాన్సిస్టర్లతో మళ్లీ పుట్టించే సర్క్యూట్ తయారు చేయించి గిబ్సన్ కంపెనీకి చూపించాడు. 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. అంటే ఫజ్ అనే ధ్వనికి మూలం బేస్ తీగే. కానీ ఆ పెట్టెకు పేరు తెచ్చింది 1965లో రోలింగ్ స్టోన్స్ పాట 'సాటిస్‌ఫాక్షన్'లో కీత్ రిచర్డ్స్ వాయించిన గిటార్. అదే ఏడాది బీటిల్స్ పాట 'థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్'లో పాల్ మెకార్ట్‌నీ ఫజ్ బేస్ వాయించినా మార్కెట్ ఆ వైపు తిరగలేదు. గిటారిస్టుల సంఖ్య ఎక్కువ, వాళ్లు కొనేదీ ఎక్కువ. ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్లు పెడల్ తయారీదారులు సర్క్యూట్ గీసిన ప్రతిసారీ మనసులో పెట్టుకున్నది గిటార్ స్వరాల పరిధినే.

ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు, సర్క్యూట్లలోనే రాసి ఉంది. గిటార్‌లో అతి కింది తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. నాలుగు తీగల బేస్‌లో కింది తీగ అందులో సగం, 41 సార్లు. అయిదో తీగ ఉంటే 31 దాకా దిగుతుంది. 1979 ప్రాంతంలో వచ్చిన ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్‌ను తీసుకోండి. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అనుకరణలు వచ్చిన ఓవర్‌డ్రైవ్ పెడళ్లలో అదొకటి. స్వరాన్ని నలగ్గొట్టే దశలో దాని రెసిస్టరు, కెపాసిటరు విలువలు ఎలా ఉంటాయంటే, 720 హెర్ట్జ్‌ల నుంచి కిందికి దిగేకొద్దీ ఆ దశ ఇచ్చే బలం తగ్గిపోతూ ఉంటుంది. గిటార్‌కు అది వరం, మిగతా వాద్యాల మధ్య ధ్వని బురదగా మారకుండా తేటగా నిలబడుతుంది. బేస్ మాత్రం అదే పెట్టెలోంచి బయటికి వచ్చేసరికి పునాది పోయి పైపూత మిగులుతుంది. 'నా బేస్ ఎక్కడికి పోయింది' అని పెడల్ నొక్కగానే బేసిస్టు అనుకోవడం చెవి భ్రమ కాదు, ఆ సర్క్యూట్ చెయ్యవలసిన పనే చేసింది.

ఈ సమస్యకు బేసిస్టులు చాలా ముందే రెండు జవాబులు కనిపెట్టుకున్నారు. వాళ్ల అసలు సంప్రదాయం ఏదని అడిగితే నేను వేలెత్తి చూపించేది ఈ రెంటినే. మొదటిది నేరుగా కన్సోల్‌లోకి వెళ్లడం. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ స్టూడియోలో జేమ్స్ జేమర్‌సన్ బేస్‌ను యాంప్, మైకు లేకుండా తిన్నగా కన్సోల్‌కు కలిపి రికార్డు చేసేవారు. 1960ల అమెరికా చెవుల్లో బేస్ అంటే ఇదీ అనే ముద్ర వేసింది ఆ ధ్వనే. లండన్‌లోని అబ్బే రోడ్ స్టూడియో 1967లో 'సార్జెంట్ పెపర్' రికార్డింగులో మెకార్ట్‌నీ బేస్‌కు ఇదే పద్ధతి వాడింది. రెండోది ధ్వనిని రెండుగా చీల్చడం. ద హూ బ్యాండులో జాన్ ఎంట్‌విసిల్ కింది స్వరాలకు ఒక యాంప్, పై స్వరాలకు వేరే యాంప్ పెట్టుకున్నాడు. యెస్ బ్యాండులో క్రిస్ స్క్వైర్ రికెన్‌బ్యాకర్ బేస్‌లో తీగల కంపనాన్ని పట్టే రెండు పికప్పులను వేర్వేరు దారుల్లో పంపాడు. ఒక దారిలో ధ్వని ఎంత నలిగినా రెండో దారిలో మూలస్వరం నిటారుగా నిలబడి ఉంటుంది. ఆలోచనగా చూస్తే ఇంతకంటే సరైన పరిష్కారం లేదు. ఆచరణలో మాత్రం దానికి రెండు యాంపులు, రెండు స్పీకర్ పెట్టెలు, వాటిని మోసే మనుషులు, ఒక లారీ కావాలి. పెద్ద బ్యాండుల్లో వాయించే కొద్దిమందికి తప్ప అది అందలేదు.

పెడళ్లలో బేస్‌కు నిజంగా సొంతమైనవి అసలు లేవా? ఉన్నాయి, వాటి గురించి గౌరవంగానే మాట్లాడాలి. మైక్ బీగల్ రూపకల్పన చేసిన మ్యూ-ట్రాన్ 3ను మ్యూజిట్రానిక్స్ సంస్థ 1972లో విడుదల చేసింది. తీగను ఎంత గట్టిగా మీటితే లోపలి చిన్న దీపం అంత వెలుగుతుంది, ఆ వెలుతురును బట్టి ఫిల్టర్ తెరుచుకుంటుంది. చేతి బలం నేరుగా స్వరం ఆకారంగా మారుతుందన్నమాట. బూట్సీ కాలిన్స్ దాన్ని ఫంక్ బేస్‌కు ఆనవాలుగా మార్చేశాడు. 1982లో బాస్ కంపెనీ ఓసీ-2 ఆక్టేవ్ తెచ్చింది. వచ్చే తరంగాన్ని లెక్కపెట్టి రెండింటికి ఒకటి చొప్పున బయటికి పంపే సాదా లెక్కింపు సర్క్యూట్ అది. అలా ఒక స్థాయి కింది స్వరం పుడుతుంది, మళ్లీ సగం చేస్తే రెండు స్థాయులు కిందికి. ఒకేసారి రెండు తీగలు మీటితే ఆ లెక్కింపు తికమకపడుతుంది, బాగా కింది స్వరాల దగ్గర తడబడుతుంది. అందుకే బేసిస్టులు దాన్ని నొక్కినప్పుడు చేతిని మెడ మీద పైకి జరిపి వాయించడం నేర్చుకున్నారు. పీనో పలాడినో 1980లలో ఫ్రెట్లు లేని బేస్ మీద ఈ పెట్టెతో వాయించిన వరసలు ఒక తరం బేసిస్టులకు పాఠమయ్యాయి. పెట్టెకున్న పరిమితి వాయించే పద్ధతిని మలిచిన సందర్భమిది. అరువు తెచ్చుకున్న పెట్టెల నడుమ ఇలాంటివి రెండు మూడే. పలక మీద ఉన్నవన్నీ అలాంటివేనని చెప్పడం మాత్రం అతిశయోక్తి.

తయారీదారులు బేస్‌ను ప్రత్యేకంగా పట్టించుకున్నాక కనిపెట్టింది ఏమిటో చూడండి. న్యూయార్క్‌లో టెక్ 21 సంస్థ 1990ల తొలి ఏళ్లలో శాన్‌సాంప్ బేస్ డ్రైవర్ డీఐ తెచ్చింది. యాంప్ ధ్వనిని అనుకరించి నేరుగా కన్సోల్‌కు పంపే పెట్టె అది, అందులో శుద్ధ స్వరాన్నీ మార్చిన స్వరాన్నీ కలిపే మీట ఉంది. 1994లో బాస్ తెచ్చిన ఓడీబీ-3 ఓవర్‌డ్రైవ్ మీద కూడా అలాంటి మీటే. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో డగ్లస్ కాస్ట్రో స్థాపించిన డార్క్‌గ్లాస్ పెడళ్లకు పేరు రావడంలోనూ ఆ మీట పాత్ర ఉంది. ముగ్గురూ వేర్వేరు చోట్ల, వేర్వేరు సర్క్యూట్లతో చేరుకున్నది ఒకే చోటుకి. అది ఎంట్‌విసిల్, స్క్వైర్‌ల రెండు దారుల ఆలోచనే, అరచేతిలో పట్టే పెట్టెలోకి దిగింది. కానీ ఆ దారులు ఆ ఒక్క పెట్టె లోపలే చీలి అక్కడే కలుస్తాయి. నాలుగు పెడళ్లను వరసగా పెడితే మొదటి దాంట్లో కాపాడుకున్న మూలస్వరం రెండో దాంట్లో మళ్లీ చిక్కుకుంటుంది. మొత్తం పలకను రెండు సమాంతర దారులుగా కట్టాలంటే చీల్చే పెట్టె, కలిపే పెట్టె, మరిన్ని కేబుళ్లు కావాలి. ప్రతి అతుకూ ఒక కొత్త శబ్ద దోషానికి అవకాశమే.

డిజిటల్ యూనిట్ తొలినాళ్లలో ఈ సమస్యను తీర్చలేదు, ఆ సంగతి దాచనక్కర్లేదు. బాస్ ఎంఈ-5 1988లో, జూమ్ 9002 1990లో వచ్చాయి. 1990ల నడుమ బేస్ కోసమే జూమ్ 506 వంటి చవక యూనిట్లూ వచ్చాయి. నేర్చుకునేవాళ్లకు అవి మేలు చేశాయి గానీ, వాటి గరగర పలచగా, కృత్రిమంగా ఉండేది. వాటిని వాడి చూసి 'డిజిటల్ మనకొద్దు' అనుకున్నవాళ్లు అప్పటికి సరిగ్గానే అనుకున్నారు. 1995లో రోలండ్ వీజీ-8, 1998లో లైన్ 6 పాడ్ వాద్యం, యాంపుల నమూనాలను లెక్కల రూపంలో కట్టే పద్ధతిని నిలబెట్టాయి. 2006లో ఫ్రాక్టల్ సంస్థ యాక్స్-ఎఫ్ఎక్స్, 2011లో జర్మనీ నుంచి కెంపర్ ప్రొఫైలర్ ఆ నమూనాలను వృత్తి కళాకారులు ఒప్పుకునే స్థాయికి తెచ్చాయి. బేస్ వైపు నుంచి చూస్తే అసలు మలుపు 2015లో వచ్చిన లైన్ 6 హీలిక్స్, 2018లో దాని చిన్న రూపం హెచ్ఎక్స్ స్టాంప్. నమూనాల నాణ్యత కంటే దారుల స్వేచ్ఛ అక్కడ ముఖ్యం. స్వరాన్ని ఏదైనా ఒక చోట చీల్చవచ్చు. ఫలానా హెర్ట్జ్‌లకు కిందిది ఒక దారి, పైది ఇంకో దారి అని గీత గియ్యవచ్చు. కింది దారిలో మోత హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ ఒక్కటే ఉంచి, పై దారిలో ఫజ్, కోరస్, ఎకో ఎన్నయినా పేర్చి, చివర్లో కలిపి నేరుగా కన్సోల్‌కు పంపవచ్చు. అంటే జేమర్‌సన్ నేరు దారీ, ఎంట్‌విసిల్ రెండు దారులూ ఒకే పెట్టెలో, అదీ రెండు కిలోలు కూడా లేని పెట్టెలో. డార్క్‌గ్లాస్ స్థాపించిన డగ్లస్ కాస్ట్రోనే తర్వాత న్యూరల్ డీఎస్‌పీ సంస్థను స్థాపించి క్వాడ్ కార్టెక్స్ అనే డిజిటల్ యూనిట్ తేవడం కూడా నా వాదనకు సాక్ష్యమే. బేస్ పెడళ్ల అవసరాన్ని అందరికంటే దగ్గరగా చూసిన మనిషి వెళ్లింది అటువైపే.

డిజిటల్ యూనిట్ మీద వినిపించే అభ్యంతరాల్లో మొదటిది ఆలస్యం గురించి. డిజిటల్ పెట్టె స్వరాన్ని అంకెలుగా మార్చి, లెక్కకట్టి, మళ్లీ స్వరంగా మార్చాలి కాబట్టి చేతికీ చెవికీ మధ్య ఎడం వస్తుందంటారు. ఎడం నిజమే, ఇప్పటి మంచి యూనిట్లలో అది రెండు మిల్లీసెకన్ల ప్రాంతం. ఆ వ్యవధిలో ధ్వని గాలిలో వెళ్లే దూరం సుమారు 70 సెంటీమీటర్లు. వేదిక మీద యాంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడ్డ బేసిస్టు తన స్వరాన్ని తొమ్మిది మిల్లీసెకన్లు ఆలస్యంగానే వింటూ వచ్చాడు, దాన్నెవరూ తప్పుపట్టలేదు. కింది స్థాయి స్వరాన్ని గుర్తుపట్టే ఎఫెక్టుల్లో కనిపించే ఆలస్యం వేరు. 41 హెర్ట్జ్‌ల తీగ ఒక్క ఆవృత్తి పూర్తి చెయ్యడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. అది పూర్తి కాకుండా ఏ స్వరమో తేల్చడం అనలాగ్ సర్క్యూట్‌కైనా కష్టమే. ఓసీ-2 తడబడింది కూడా ఆ కింది స్వరాల దగ్గరే.

రెండో అభ్యంతరం బలమైనది. పాత పెట్టెల లోపాలే వాటి ప్రాణమనీ, అంకెలు వాటిని పట్టలేవనీ అంటారు. ఓసీ-2 కథ దీనికి కొంతవరకు సమర్థన ఇస్తుంది. 2003 ప్రాంతంలో దాన్ని ఆపేసి, రెండు మూడు తీగలను కూడా గుర్తుపట్టే డిజిటల్ ఓసీ-3ని బాస్ తెచ్చినప్పుడు బేసిస్టులు సంబరపడలేదు. పాతది వెతికి కొనుక్కున్నారు. అయితే కథ అక్కడితో ఆగలేదు. 2020లో వచ్చిన ఓసీ-5లో అదే కంపెనీ ఓసీ-2 ధ్వనిని డిజిటల్‌గానే తిరిగి ఇచ్చింది. కాబట్టి ఓసీ-3 విషయంలో జరిగింది అంకెల ఓటమి అనలేం. పాత లోపానికి విలువ ఉందని రూపకర్తలు గుర్తించడానికి పట్టిన ఆలస్యం అది. నూటికి నూరు పాళ్లు ఒకటేనా అంటే, ఒంటరిగా వింటే తేడా చెప్పగల చెవులు ఉంటాయి. డ్రమ్ములు, గిటార్లు, గొంతుల మధ్య ఆ తేడా పాట రూపాన్ని మార్చదని నా అభిప్రాయం. మూలస్వరం పోతే మాత్రం పాట రూపమే మారిపోతుంది.

మెనూల్లో వేళ్లు తిప్పుకుంటూ కూర్చుంటే వాయించేదెప్పుడు అనే మాటా వినిపిస్తుంది. మీట ముందే ఉంటే చెయ్యి చాచి తిప్పడం సులువు, కాదనను. కానీ పాట నడుమ మూడు పెట్టెలను ఒకేసారి ఆపి రెండింటిని వెలిగించవలసిన క్షణంలో పెడల్‌బోర్డు చేతులెత్తేస్తుంది. ఈ అవసరం డిజిటల్ యుగం తెచ్చిపెట్టింది కూడా కాదు. 1980లలోనే లాస్ ఏంజెలెస్‌లో బాబ్ బ్రాడ్‌షా స్టూడియో కళాకారుల కోసం ఒక్క నొక్కుతో మొత్తం వరస మార్చే భారీ ర్యాక్ వ్యవస్థలు కట్టేవాడు. అప్పుడు పేరున్నవాళ్లకు మాత్రమే అందినది ఇప్పుడు చర్చి బ్యాండులో వాయించే కుర్రాడికీ అందుతోంది. దీన్ని నేను చిన్న విషయంగా చూడను.

నేను పూర్తిగా ఒప్పుకునే అభ్యంతరం ఒకటుంది, అది ఆయుష్షు గురించి. మ్యూజిట్రానిక్స్ కంపెనీ మూతపడి నాలుగు దశాబ్దాలు దాటింది. అయినా దాని పెట్టెలు పనిచేస్తున్నాయి, ఎందుకంటే వాటిలో ఉన్నవి రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిన్న దీపం, దాని వెలుతురును పట్టే సెల్లు లాంటి విడిభాగాలే. సోల్డరింగ్ తెలిసిన ఏ రేడియో మెకానిక్ అయినా సర్క్యూట్ బొమ్మ చూసి బాగుచెయ్యగలడు. డిజిటల్ యూనిట్ అలా కాదు. దాని ప్రాసెసర్ ఆ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తుంది, ఎడిటర్ కొత్త కంప్యూటర్ మీద ఆడకపోవచ్చు, స్క్రీన్ పోతే విడిభాగం దొరకకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ వల్ల మేలూ ఉంది. ఆరు ఎఫెక్టులతో అమ్మిన హెచ్ఎక్స్ స్టాంప్‌కు 2020లో ఉచిత నవీకరణతో ఎనిమిది దక్కాయి, ఏ పాత పెడలూ కొన్న తర్వాత పెరగలేదు. కానీ ఇవ్వగలిగిన చెయ్యి ఏదో ఒక రోజు ఇవ్వడం ఆపేస్తుంది కూడా. స్టీవెన్ అట్కిన్‌సన్ రూపొందించిన న్యూరల్ యాంప్ మోడలర్ అనే సాఫ్ట్‌వేర్ సోర్స్‌ను అందరికీ తెరిచిపెట్టడం వల్ల ఇందుకు ఒక మార్గం కనిపిస్తోంది. యాంప్ నమూనా ఒక తెరిచిన ఫైలుగా ఉంటే, పెట్టె పాడైనా ధ్వని ఇంకో పెట్టెలోకి వెళుతుంది.

అందుచేత పలక తీసేసి యూనిట్ పెట్టుకుంటున్న బేసిస్టును తప్పుపట్టడానికి చరిత్రలో నాకు ఆధారం కనిపించలేదు, మెచ్చుకోవడానికే కనిపించింది. అడగవలసినది తయారీదారులను. ఒక యూనిట్ ఉత్పత్తి ఆపేసిన రోజున దాని సర్క్యూట్ బొమ్మలు, చివరి సాఫ్ట్‌వేర్, ఎడిటర్ సోర్స్ బయటపెట్టాలి. నమూనాలను అందరికీ తెరిచిన ఫైళ్లుగా దాచుకునే వీలు ఇవ్వాలి. కొత్త యూనిట్ కొనే బేసిస్టులు ధరతో పాటు ఈ ప్రశ్న కూడా దుకాణంలో అడగాలి, జవాబు చెప్పని కంపెనీ పెట్టెను కొనకుండా ఉండాలి.